మీ సైకిల్ నన్ను మోస్తుందో లేదో ముందే చెప్పండి

ఎలక్ట్రిక్ సైకిళ్లు తయారుచేసి అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు, వాటిని డిజైన్ చేసే ఇంజనీర్లకు,

నమస్కారం.

నా వయసు 53. మీ సైకిల్ కొన్ననాటికి నా బరువు 112 కిలోలు. గుండెలో ఒక స్టెంట్ ఉంది. మోకాళ్లు రెండూ అరిగాయి. విశాఖపట్నం పెద వాల్తేరులో ఉంటాను, మహారాణిపేట వైపు ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. మీ పోస్టర్లలో, వీడియోల్లో నాలాంటి మనిషి ఎక్కడా కనిపించదు కాబట్టి నన్ను నేనే ఇలా పరిచయం చేసుకోవాల్సి వస్తోంది. అక్కడ ఉండేవాళ్లంతా పాతికేళ్ల పిల్లలు, సన్నగా ఉంటారు, వాళ్లకి మోటారు అవసరమే లేదు. చదును రోడ్డు మీద జుట్టు ఎగురుతుంటే నవ్వుతూ పోతుంటారు. ఎవరికీ చెమట పట్టదు. హెల్మెట్ కూడా ఉండదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ ఉత్తరం ఏ ఒక్క కంపెనీనో ఉద్దేశించింది కాదు. నాకు సైకిల్ అమ్మినవాళ్ల పేరు కూడా రాయడం లేదు. ఎందుకంటే కొనేముందు అయిదారు కంపెనీల సైకిళ్లు చూశాను, అందరిదీ ఒకటే తీరు.

మూడేళ్ల కిందట ఒక సోమవారం రాత్రి వీపు మధ్యలో పట్టేసినట్టయింది. దవడ లాగింది, ఒళ్లంతా చల్లటి చెమటలు. గ్యాస్ అనుకున్నాం. ఆడవాళ్లకి గుండె నొప్పి ఛాతీలోనే రావాలని లేదని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. సోడా తాగి, వాము నమిలి, తెల్లారేదాకా ఆగాను. ఆ ఆగడం వల్ల గుండె కండరం కొంత పోయింది. స్టెంట్ వేశాక తీసిన ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్ 40 శాతం అన్నారు. మామూలు మనిషికి 55 పైన ఉంటుందట.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరుగారు అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పారు, నడవమ్మా అని. నేనూ నడిచాను. పావుగంటకి మోకాలు వాచేది, రెండు రోజులు కూర్చోబెట్టేది. అప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి, మోకాలి మీద ఒంటి బరువు పడకుండా ఉండాలంటే సైకిల్ మేలు ఆంటీ అంది. కదలని సైకిల్ ఒకటి కొన్నాం. దాని కథ మీకు చెప్పక్కర్లేదు, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. రెండో నెలకి దాని హ్యాండిల్ మీద మావారి తువ్వాళ్లు ఆరేశాం.

ఆ ఫిజియోథెరపీ గదిలోనే నాకో అంకె తెలిసింది. అక్కడి సైకిల్ మెషీన్ మీద మనం ఎంత శక్తి పెడుతున్నామో వాట్లలో కనిపిస్తుంది. నేను 50 వాట్ల దాకా హాయిగా మాట్లాడుతూ తొక్కగలను. 60 దాటితే మాట తెగుతుంది. 70 దగ్గర ఆ అమ్మాయే ఆపేయమంది. కాబట్టి నాకున్న ఇంజన్ 50 వాట్లది. ఈ ఒక్క అంకె మీరు గుర్తుపెట్టుకుంటే చాలు, ఉత్తరంలో మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

మా ఊరు చూసినవాళ్లకి తెలుసు, బీచ్ రోడ్డు మీద ఉన్నంతసేపే కాస్త చదును. అక్కడి నుంచి ఊళ్లోకి రావాలంటే ఎటైనా ఎక్కాల్సిందే. మేం వాలుని 'డౌన్' అంటాం, కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గరిదైతే కేజీహెచ్ డౌన్ అని. ఎక్కేటప్పుడు కూడా దాన్ని డౌన్ అనే అంటాం, అదో తమాషా. మీ ఇంజనీర్లకి తెలిసిన లెక్కే ఒకసారి నా బరువుతో చేసి చూడండి. నేను 112, మీ సైకిల్ 24, హ్యాండ్‌బ్యాగు, నీళ్ల సీసా, క్యారేజీ కలిపి 3. మొత్తం 139 కిలోలు. నూరు అడుగులకి అయిదు అడుగులు లేచే ఎత్తు మీద గంటకి 8 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, ఆ బరువుని పైకి లాగడానికే 150 వాట్లు కావాలి. టైర్ల రాపిడి కలిపితే 175 దాకా పోతుంది. మీ పోస్టర్ పిల్ల 65 కిలోలు ఉంటే అదే సైకిల్ మీద అదే ఎత్తు ఆమె 115 వాట్లలో ఎక్కేస్తుంది. మోటారు సగం మోసినా చాలు, తన వాటా ఆమెకి లెక్కే కాదు. నాకు మోటారు 125 ఇస్తే తప్ప నా 50లో నేను ఉండలేను.

ఇవ్వగలదా అంటే, ఇవ్వగలదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) కింద 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండి, పరీక్షలో పాసైతే లైసెన్సూ, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. యూరప్‌లో ఈ తరగతి సైకిలుకి పెడల్ తొక్కితేనే సాయం అందాలి. మన దగ్గర తొక్కకుండానే మోటారుని నడిపే చేతి థ్రాటిల్ పెట్టుకోవడానికి కూడా వీలుంది. నాలాంటి వాళ్లకి ఇదో వరం. చట్టం అడ్డం లేదు. అడ్డమంతా మీరు ఎవరిని ఊహించుకుని సైకిల్ గీస్తున్నారన్న దగ్గరే ఉంది.

ఇక కొన్న రోజు సంగతి. షాపులో కుర్రాడు మర్యాదస్తుడే. "బాబూ, ఇది ఎంత బరువు మోస్తుంది?" అని అడిగాను. నా వైపు చూడకుండా సైకిల్ వైపు చూస్తూ, "అందర్నీ మోస్తుంది ఆంటీ, టెన్షన్ పడకండి" అన్నాడు. మావారు డబ్బు కట్టేశారు. పెట్టె విప్పాక వచ్చిన పుస్తకం 31వ పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, గరిష్ఠ బరువు 100 కిలోలు అని. ఆ 100 మనిషిదా, మనిషీ సామానూ కలిపా, సైకిల్‌తో సహానా? రాయలేదు. ఫోన్ చేస్తే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పారు. మొత్తం బరువే 100 అయితే, 76 కిలోలు దాటిన ఎవరికీ మీ సైకిల్ పనికిరాదు. మన దేశంలో ఆ బరువున్న మగవాళ్లు ఎంతమంది ఉంటారో వీధిలోకి తొంగి చూస్తే తెలుస్తుంది.

నాలుగో నెలలో రుషికొండ దగ్గర వెనక చక్రంలోంచి టిక్‌మని శబ్దం వచ్చింది. ఒక పుల్ల (స్పోక్) తెగింది. వారానికి ఇంకోటి. మూడోది తెగినప్పుడు చక్రం వంకర తిరిగి ఫ్రేముకి రాసుకుంది. అక్కడి నుంచి ఇంటిదాకా ఆటోలో తెచ్చాం. కంపెనీ వాళ్లు ఫొటోలు పంపమన్నారు, పంపాను. చక్రం ఫొటో అడుగుతారనుకుంటే, తొక్కేవాళ్ల బరువెంత అని అడిగారు. నిజం చెప్పాను. ఓవర్‌లోడ్, వారంటీ వర్తించదు అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. కొనేముందు అడిగితే ఎవరూ చెప్పని అంకె, పాడయ్యాక మాత్రం అందరికీ కంఠతా వచ్చింది.

సిగ్గుతో కొన్ని రోజులు ఎవరికీ చెప్పలేదు. లావుగా ఉండేవాళ్ల కింద ఏదైనా విరిగితే అది వాళ్ల తప్పే అని లోకం ఎప్పుడో తేల్చేసింది, మేమూ నమ్మేస్తాం. ప్లాస్టిక్ కుర్చీ విరిగినా, బల్ల కిర్రుమన్నా క్షమించండి అనేది మేమే.

నా సిగ్గు వదిలించింది కంచరపాలెంలో ఒక పాత సైకిల్ షాపు తాత. చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని పుల్లల్ని జతలు జతలుగా నొక్కి చూశాడు, వీణ తీగలు సరిచూసుకున్నట్టు. "అమ్మా, ఇందులో సగం పుల్లలు వదులు, సగం బిగువు. మిషను బిగించేసింది, మనిషి చెయ్యి పెట్టలేదు. నువ్వెక్కినా నేనెక్కినా ఇవి తెగుతాయి. నువ్వెక్కితే తొందరగా తెగుతాయి, అంతే" అన్నాడు. 14 గేజ్ పుల్లలు తీసి 13 గేజ్‌వి వేశాడు. అంకె తగ్గితే పుల్ల లావవుతుందని, 2 మిల్లీమీటర్ల నుంచి 2.3కి వెళ్తుందని అప్పుడే తెలుసుకున్నాను. అన్నిటినీ ఒకే బిగువులో పెట్టి బెండు తీశాడు. రెండు వారాలు తొక్కాక మళ్లీ తెమ్మన్నాడు, మళ్లీ బిగించాడు. దీనికంతా కలిపి ఎంత తీసుకున్నాడో చెబితే మీకే సిగ్గేస్తుంది. ఇది జరిగి ఏడాది దాటింది, ఇంకో పుల్ల తెగలేదు.

ఆ షాపులోనే ఒక మూల పాత నల్ల సైకిల్ ఉంది, మా నాన్నగారి తరంలో తొక్కేవాళ్లే, అలాంటిది. దాని వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు చక్రానికి 32. ఎందుకు తేడా అంటే బరువంతా వెనకే పడుతుంది కాబట్టి. ఆ సైకిళ్ల మీద మనుషులు ఏం మోశారో మీకు గుర్తుచేయాలా? గ్యాస్ బండలు, పాల క్యాన్లు, కొబ్బరి గెలలు, బియ్యం బస్తా ముందు కడ్డీ మీద, భార్య వెనక క్యారియర్ మీద, పిల్లాడు ఆమె ఒళ్లో. అవేం గొప్ప సైకిళ్లని చెప్పను, బ్రేకులు దేవుడి దయ మీద పడేవి. కానీ ఆ గీసినవాడికి ఒక సంగతి తెలుసు, ఈ దేశంలో సైకిల్ అంటే బరువు మోసేదని. అలాంటి దేశంలో మోటారు కూడా పెట్టి, బ్యాటరీ కూడా తగిలించి, చక్రం మాత్రం 65 కిలోల పిల్ల కోసం చేస్తున్నారు. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో లావు మనుషుల కోసమని చెప్పే అమ్ముతారు, మొత్తం బరువు 170, 180 కిలోల దాకా తట్టుకునే ఎలక్ట్రిక్ సైకిళ్లు. ఖరీదు ఎక్కువే. మాకు అంత హంగు అక్కర్లేదు. గట్టి చక్రం, కాస్త దళసరి గొట్టాలు, పెద్ద డిస్క్ బ్రేకు.

బ్రేకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎక్కడానికి మోటారుంది, దిగేటప్పుడు ఎవరున్నారు? 25 వేగంలో ఉన్న 139 కిలోల్ని ఆపడం, 92 కిలోల్ని ఆపడం కన్నా ఒకటిన్నర రెట్లు పని. అదే డిస్కు, అవే ప్యాడ్లు ఇద్దరికీ ఇస్తారు. మా డౌన్లలో ప్యాడ్లు మూడు నెలలకే అరుగుతాయి. పైగా సముద్రం పక్కన ఉప్పుగాలి, తుడవకపోతే వారంలో కేబుల్ బిగుసుకుపోతుంది, బ్యాటరీ పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది. ఈ దేశానికి ఇంత పొడవు సముద్ర తీరం ఉందని మీ పుస్తకంలో ఎక్కడా లేదు.

నేను కిందపడటం వేరే విషయం. స్టెంట్ పడ్డాక రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటాను, కూరగాయలు తరిగేటప్పుడు చిన్న గాటు పడినా అరగంట ఆగదు. తలకి దెబ్బ తగిలితే ఏమవుతుందో డాక్టరుగారు చెప్పిన తీరుకే భయమేసింది. అందుకని హెల్మెట్ లేకుండా వీధి చివరిదాకా కూడా పోను. సైకిలుకి హెల్మెట్ ఎందుకండీ అని మా అపార్ట్‌మెంట్‌లో నవ్వుతారు. మీ పోస్టర్ పిల్ల పెట్టుకుంటే వాళ్లు నవ్వరు. ఇందుకు మీకు పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం. మీరు చౌకగా అమ్మే సైకిళ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సరు ఉంటుంది. పెడల్ కొంత తిరిగాక గానీ దానికి విషయం తెలీదు. అంటే ఆగిన చోటి నుంచి కదలడానికి మొదటి తొక్కుడు పూర్తిగా నాదే. సిగ్నల్ దగ్గర, అదీ ఎత్తు మీద, 139 కిలోల్ని కదిలించే ఆ ఒక్క తొక్కుడుకి నా 50 వాట్లు ఏ మూలకి? ఊపిరి బిగబట్టి తొక్కుతాం. గుండె జబ్బు ఉన్నవాళ్లని చేయొద్దనేదే అది. ఆ తర్వాత మోటారు ఒక్కసారిగా లాగుతుంది, ముందు ఆటో ఉంటుంది. ఖరీదైన సైకిళ్లలో మనం ఎంత బలంగా తొక్కితే అంత సాయం ఇచ్చే సెన్సరు ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. మెత్తగా పోతుంది, నిజమే. కానీ దాని న్యాయం చూడండి, ఎక్కువ కష్టపడేవాడికి ఎక్కువ సాయం! నాకు కావలసింది దీనికి తలకిందులు. నేను తక్కువ తొక్కగలిగినప్పుడే నాకు ఎక్కువ సాయం కావాలి.

నేను కనిపెట్టుకున్న ఉపాయం, కదిలేటప్పుడు మూడు నాలుగు సెకన్లు థ్రాటిల్, కదిలాక పెడల్. బాగానే పనిచేస్తుంది. కానీ నా సైకిల్ థ్రాటిల్ బొటనవేలి కింద బిరుసు మీట, సగం తిప్పినా పూర్తిగా తిప్పినా ఒకటే ఊపు. దాన్ని మెత్తగా, మెల్లగా పెరిగేలా చేయడం మీ సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఒక మధ్యాహ్నం పని అని మావాడు అన్నాడు. వాడూ బెంగళూరులో అదే పని చేస్తాడు కాబట్టి నమ్ముతున్నాను.

ఇంకో సంగతి. 250 వాట్లని పెట్టె మీద రాస్తారు. చక్రం మధ్యలో కూర్చునే హబ్ మోటారు ఆ శక్తి ఇచ్చేది బాగా తిరిగేటప్పుడు. ఎత్తు మీద 8 వేగానికి పడిపోతే అది తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది, చక్రానికి అందేది తగ్గుతుంది. సరిగ్గా నాకు అవసరమైన చోటే దానికీ ఆయాసం వస్తుందన్నమాట. గేర్ల మీదుగా లాగే మధ్య మోటారుకి ఈ బాధ తక్కువ, ధర ఎక్కువ. సరే, చవక సైకిల్లో చవక మోటారే పెట్టండి. నూటికి అయిదు ఎత్తు మీద 140 కిలోల మొత్తం బరువుని ఎంత వేగంతో, ఎన్ని నిమిషాలు లాగగలదో ఒక్క వాక్యం రాయండి. అది మీరు పరీక్షించి ఉంటే మీ దగ్గర ఉండే అంకే. పరీక్షించకపోతే, పరీక్షించకుండానే మాకు అమ్మారన్నమాట.

బ్యాటరీ విషయంలో నాకు కోపం ఎక్కువ, అందుకని కాస్త ఎక్కువే రాస్తాను. ఒక్క చార్జికి 40 కిలోమీటర్లు అని రాశారు. 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్లు, గుణిస్తే సుమారు 280 వాట్ అవర్లు. నాకు కిలోమీటరుకి 12 దాకా ఖర్చవుతోంది. అంటే 23 కిలోమీటర్లు. ఒకరికి 40 వచ్చే చోట ఇంకొకరికి 23 రావడం మోసం కాదు, భౌతికశాస్త్రం. ఎవరికి 40 వస్తుందో రాయకపోవడమే మోసం. ఆరోగ్యవంతుడికి బ్యాటరీ అయిపోతే ఏముంది, తిట్టుకుంటూ తొక్కుకుని ఇంటికి పోతాడు. నాకు బ్యాటరీ అయిపోతే ఆ సైకిల్ ఒక 24 కిలోల ఇనుప ముక్క. తొక్కలేను, ఎత్తలేను, ఎత్తు మీద నెట్టలేను. ఒకసారి తెన్నేటి పార్కు దగ్గర అలాగే అయింది. హ్యాండిల్ మీద నాలుగు దీపాల్లో రెండు వెలుగుతుండగా ఎత్తు మొదలుపెట్టాను. బరువు పడేసరికి వోల్టేజి పడిపోయి రెండూ ఒక్కసారి ఆరాయి, మోటారు ఆగింది. దిగి గట్టు మీద కూర్చున్నాను. గుండె దడ తగ్గేదాకా సముద్రం వైపు చూస్తూ, పర్సులో నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉందో లేదో చేత్తో తడుముకున్నాను. ఉంది. అవసరం పడలేదు. చదును మీదికి వచ్చాక మళ్లీ రెండు దీపాలూ వెలిగాయి, ఏమీ ఎరగనట్టు!

నాలుగు దీపాల బదులు శాతం చూపించే చిన్న అంకె పెట్టండి. ఆఖరి పదిహేను శాతాన్ని ఆగకుండా, మెల్లగా ఇంటికి చేర్చేలా దాచిపెట్టండి. మనిషి నడుస్తుంటే సైకిల్ తనంతట తాను నడిచేలా ఒక మీట కొన్ని మోడళ్లలో ఉంది, దాన్ని అన్నిటిలోనూ పెట్టండి. ఎత్తు మీద సైకిల్ నెట్టడం తొక్కడం కన్నా కష్టమని మీలో ఎవరికీ అనుభవం లేనట్టుంది.

మీ యాప్ గురించి ఒక ముక్క. గుండె వేగం తగ్గించే మాత్ర రోజూ వేసుకుంటాను. నేను కొండెక్కినా నా నాడి 105 దాటదు. 220లోంచి వయసు తీసేసే మామూలు లెక్క నాకు పనికిరాదని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. మీ యాప్ మాత్రం ఆ లెక్కే పట్టుకుని, మీరు ఇంకా కష్టపడాలి, లక్ష్యం చేరలేదు అని ప్రతి పొద్దునా పొడుస్తుంది. ఒకరోజు కేజీహెచ్ డౌన్ ఎక్కి పైన ఆగి రొప్పుతుంటే, ఈరోజు తేలికగా తీసుకున్నారు అని మెసేజ్ పెట్టింది. నేను దాన్ని తీసిపారేశాను. నా పద్ధతి వేరే, పైకి వినపడేలా పదమూడో ఎక్కం చదువుతూ ఎక్కుతాను. ఆగకుండా చదవగలిగితే సరే. 'పదమూడు ఏడులు' దగ్గర ఊపిరి తెగితే సాయం ఒక మెట్టు పెంచుతాను. ఎక్కమే రాకుండా పోతే దిగిపోతాను. దారిన పోయేవాళ్లు వింతగా చూస్తారు. లావుపాటి ఆవిడ సైకిల్ తొక్కుతుంటే ఎలాగూ చూస్తారు, ఎక్కం అదనం.

డాక్టరుగారు ఊరికే ఒప్పుకోలేదని కూడా మీకు తెలియాలి. ఎకో మళ్లీ తీశారు, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు, మొదటి నెల పది నిమిషాలకి మించొద్దన్నారు, ఒంటరిగా వెళ్లొద్దన్నారు. మా ఆడపడుచు స్కూటీ మీద వెనకాల వచ్చేది. ఎండలో వద్దు, అన్నం తినగానే వద్దు, ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా ఆగిపోవాలి. ఇవి నాకు చెప్పినవి, ఇంకొకరికి వాళ్ల డాక్టరు చెప్పేది వేరుగా ఉండొచ్చు. మీ పుస్తకంలో 'గుండె జబ్బులున్నవారు వాడరాదు' అని ఒక వాక్యం ఉంది. మీ వకీలు రాసిన వాక్యమని అర్థమవుతూనే ఉంది. దాని బదులు 'డాక్టరుని అడిగి, సాయం ఎక్కువ పెట్టుకుని, చదును మీద మొదలుపెట్టండి' అని రాస్తే నాలాంటి వాళ్లు బయటికొస్తారు. వారానికి 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మోకాళ్లు లేని, గుండె సగం ఉన్న మనిషి ఆ 150 నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి? నేను వారానికి అయిదు రోజులు ఆఫీసుకి పోయి వస్తున్నాను, అరగంట చొప్పున. నా 150 ఆ దారిలోనే అయిపోతున్నాయి.

బరువు తగ్గారా అని అందరూ అడుగుతారు, మీరూ అడగాలనుకుంటారు. నాలుగు కిలోలు. ఏడాదిన్నరకి అంతే. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగడం మానేశాను, మొన్నటి ఎకోలో 40 కాస్తా 46 అయింది. సైకిల్ వల్లనో, మాత్రల వల్లనో, రెండిటి వల్లనో నేను చెప్పలేను, డాక్టరుగారూ చెప్పలేదు.

మీరు ప్రభుత్వాల్ని సబ్సిడీలు అడుగుతున్నారు, అడగండి. ఢిల్లీ ప్రభుత్వం 2022లో మొదటి పదివేల ఎలక్ట్రిక్ సైకిళ్లకి 5,500 రూపాయల దాకా ఇస్తామంది. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ పథకంలో స్కూటర్లకి చోటిచ్చారు, సైకిళ్లకి ఇవ్వలేదు. తెలంగాణ అదే ఏడాది విద్యుత్ వాహనాలకి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది, అసలు అవి రెండూ లేని సైకిలుకి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మీరు మంత్రుల దగ్గరికి పోయినప్పుడు పొగ, పెట్రోలు, వాతావరణం అని చెబుతారు. ఈసారి మమ్మల్ని కూడా చెప్పండి. స్టెంట్ వేయించుకుని, నడవలేక, ఇంట్లో సీరియల్ ముందు కూర్చుని రెండో స్టెంట్ కోసం ఎదురుచూసేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ మాట చెప్పాలంటే ముందు మమ్మల్ని మోసే సైకిల్ మీ దగ్గర ఉండాలి కదా.

నేను అడిగేవాటిలో అన్నిటికన్నా చవకైనది ఒకటుంది. ఫ్రేము మీద, సీటు కింద, కనిపించే అక్షరాల్లో, తెలుగులో కూడా, తొక్కేవారి బరువు ఇంతవరకు, సామానుతో సైకిల్‌తో కలిపి ఇంతవరకు అని ఒక స్టిక్కర్. లిఫ్టులో రాస్తారు, లారీ మీద రాస్తారు, నిచ్చెన మీద కూడా రాస్తారు. 100 అని ఉంటే నేను కొనను, కోపమూ రాదు. 130 అని రాసి, దానికి తగ్గ చక్రం పెట్టి, రెండు మూడు వేలు ఎక్కువ అడగండి, ఇస్తాను. మా ఆఫీసులోనే ఇంకో ముగ్గురున్నారు. నా సైకిల్ చక్రం ఏమవుతుందా అని ఏడాదిగా చూస్తున్నారు.

దీన్ని ఫోన్లో మాట్లాడి తేల్చేద్దామని మీ కస్టమర్ కేర్ పిల్లల్తో ఫోన్ చేయించకండి, పాపం వాళ్ల తప్పేముంది. కొత్త మోడల్ చేస్తున్నప్పుడు ఇసుక బస్తాలు కట్టి పరీక్షిస్తారని విన్నాను. బస్తా ఎక్కం చదవదు, ఎక్కడ ఊపిరి తెగిందో చెప్పదు. నేను చెబుతాను. ఆదివారం పొద్దున్న ఆరింటికి అప్పుఘర్ దగ్గర ఉంటాను, ఎర్ర హెల్మెట్. సైకిల్ మీరు తెచ్చుకోండి. కొత్త చక్రానికి పుల్లలు సరిగా బిగించి తెస్తే మంచిది, తాతకి ఆదివారం సెలవు.

ఇట్లు,
పెద వాల్తేరు నుంచి,
108 కిలోల మీ కస్టమరు